వీపు గాలికి పెట్టిన పందెం కారు

మేము వయసులో ఉన్న కాలంలో యానాంలో గాలిని ఎవరూ పరీక్ష చేసేవారు కాదు, గాలే వచ్చి మమ్మల్ని పరీక్ష చేసి పోయేది. పొద్దున ఒక వైపు నుంచి, మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి, తుఫాను రోజుల్లో అన్ని వైపుల నుంచీ. పడవ వేసుకుని వెళ్ళే మగవాళ్ళు దాన్ని చూసి బయల్దేరేవారు, గట్టు మీద వలలు బాగుచేసే ఆడవాళ్ళం దాన్ని చూసి కూర్చునే చోటు మార్చుకునేవాళ్ళం. అంతకు మించి గాలితో ఎవరికీ పేచీ లేదు. ఈ మధ్య మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. పెద్ద గొట్టం లాంటి గది, అందులో పందెం కారు ఒకటి కదలకుండా నిలబడి ఉంది, ఎదురుగా ఇల్లంత ఫ్యాను తిరుగుతోంది, సన్నటి పొగ ఒకటి కారు మీదుగా జారిపోతోంది. ఇక్కడ కారు కదలదు అమ్మమ్మా, గాలే కదులుతుంది, కారు ఎంత జోరుగా పోగలదో ఇలా ముందే తెలుసుకుంటారు అని నాకు విడమర్చి చెప్పబోయింది. తెలుసులేవే, మెట్టకూరు వెళ్ళే దారిలో బియ్యం మిల్లు వెనకాల మేమూ పెట్టాం ఇలాంటిది అన్నాను. ఆ పిల్ల నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. (జ్వరం లేదు.) అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, కాబట్టి ఒత్తు ఎక్కడైనా తప్పితే మీరే సర్దుకోండి, జరిగింది మాత్రం ఇదే.

ఆ మిల్లు యజమానిని ఊళ్ళో అందరూ పెద్దాయన అనేవారు. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. ఆయనకి ఒక్కడే కొడుకు, మాకందరికీ బాబు. మద్రాసు పంపి చదివిస్తే, ఆ చదువుని అక్కడే దింపేసి కార్ల పిచ్చిని మాత్రం వెంట తెచ్చుకున్నాడు. మద్రాసు అవతల ఎక్కడో పాత విమానాల మైదానం ఉందట, అక్కడ ఏటా కార్లకి పందేలు పెడతారట, ఈయన వాటిని ఒకసారి చూశాడు, ఆ తర్వాత ఇంక అన్నం సయించలేదు. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఎవరో దొర వదిలేసి పోయిన కారు ఒకటి ఊళ్ళో ఒక పెంకుటింటి వసారాలో కోళ్ళకి గూడుగా పడి ఉంటే, కోళ్ళని బయటికి తోలి, దాన్ని మిల్లుకి లాక్కొచ్చాడు. పైనున్నదంతా పీకేసి, ఇంజను విప్పి మళ్ళీ బిగించి, కొత్తగా రేకుతో ఒళ్ళు కట్టించాడు. ముందు భాగం పడవ ముక్కులా సన్నగా సాగి ఉండేది. వెనక భాగం మాత్రం కుండ అడుగులా గుండ్రంగా, మొద్దుగా ఆగిపోయేది. (అదే అందమని బాబు అనేవాడు. రేకు అయిపోయిందని మిల్లు ఫిట్టరు అనేవాడు.)

పెద్దాయన ఏడాది పాటు ఏమీ అనలేదు. ఒకరోజు మిల్లు అరుగు మీద, నలుగురూ వింటుండగా, ఒకే ఒక్క మాట చెప్పేశాడు. సార్వా ధాన్యం బళ్ళు వచ్చేదాకా వెనక గోదాం ఖాళీయే, అప్పటిదాకా నీ ఇష్టం. ఆలోగా ఈ బండి పందేనికి పనికొస్తుందని నా కళ్ళకి చూపించు, నేనే లారీ ఎక్కించి మద్రాసు పంపిస్తాను. చూపించలేకపోయావో, అది పాత ఇనుముకి, నువ్వు గల్లాపెట్టె దగ్గరికి. అంతే, లోపలికి వెళ్ళిపోయాడు. బాబు మొహం చూస్తే జాలేసింది. రోడ్డు మీద పరిగెత్తించి చూపిద్దామంటే మన ఊరి సంగతి మీకు తెలుసు కదా, మూడో గేరు పడేలోపు యానాం అయిపోయి ఆంధ్రా వచ్చేస్తుంది. ఆ ఉన్న కాస్త దారిలోనూ మేకలు, రిక్షాలు, ఎండబెట్టిన చేపలు. అప్పుడు ఆయన ఏదో విదేశాల పుస్తకంలో బొమ్మ చూసి ఈ ఉపాయం పట్టాడు. కారు పరిగెత్తక్కర్లేదు, గాలిని పరిగెత్తిస్తే చాలు. మూసిన దారిలో గాలి వదిలి, అది కారు ఒంటి మీద నుంచి ఎలా పోతుందో చూస్తే, ఎక్కడ అడ్డుపడుతుందో తెలిసిపోతుంది. ఆ రోజు నుంచి ఊరు ఆయనకి గాలిబాబు అని పేరు పెట్టింది. ఆయన ముందు కూడా అలాగే పిలిచేవారు, ఆయన పలికేవాడు.

గోదాం పొడుగ్గా, చీకటిగా ఉండేది. ఒక చివర ఊక ఎగరగొట్టే పాత ఫ్యాను పెట్టి, గోడకి కన్నం చేసి, అవతలి మిల్లు ఇంజను నుంచి బెల్టు లాగారు. గోదాం మధ్యలో వెదుళ్ళు పాతి, తడికలూ టార్పాలిన్లూ కట్టి, లోపల ఇంకో సన్నటి దారి చెయ్యాలి, దానికి గాలి పోయే చిల్లు ఒక్కటి కూడా ఉండకూడదు. చిల్లులు పూడ్చడంలో మమ్మల్ని మించినవాళ్ళు యానాంలో ఎవరున్నారు? అలా వల బాగుచేసే ఆడవాళ్ళకి కబురొచ్చింది. మా గుంపుకి పెద్ద మా మేనత్త. మొగుడు సముద్రంలో పోయాక ఇంక ఎవరికీ భయపడడం మానేసిన మనిషి. ఇదంతా దేనికి బాబూ అని అడిగి, ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విని, గాలికి సొరంగం కడతన్నారన్నమాట, కట్టండి, మాకు కూలి ఇస్తే సముద్రానిక్కూడా మూత కుడతాం అంది. దబ్బనాలు పట్టుకుని దిగిపోయాం. లోపల మేము కుట్టడం, బయట గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని బాబు చెప్పడం. ఎందుకు బయట అంటే, ఆయనకి ఊక దుమ్ము పడదు. బియ్యం మిల్లులో పుట్టి పెరిగిన మనిషికి ఊక వాసన తగిలితే చాలు తుమ్ములు, తర్వాత ఆయాసం. గోదాం గుమ్మం దాటి ఒక అడుగు వేశాడంటే ఆ పూటంతా మంచం మీదే. (గల్లాపెట్టె అంటే ఆయనకి అంత భయం ఎందుకో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.)

సొరంగం అయ్యాక దారాల పని మొదలైంది. జానెడు ఉన్ని దారం ముక్కలు కత్తిరించి, ఒక కొస మాత్రమే బంకతో కారు రేకుకి అంటించాలి, రెండో కొస వదిలెయ్యాలి. గాలి సాఫీగా పోయే చోట దారం రేకుని అంటిపెట్టుకుని పడుకుంటుందట, గాలి సుళ్ళు తిరిగే చోట ఎగిరెగిరి పడుతుందట. బాబు ముందు ఒక్కో దారానికి ఒక అంకె రాయమన్నాడు. మాలో ఎవరికీ అంకెలు రావు, ఆయన అది విని ఒక్క క్షణం గడ్డం గోక్కుని, సరే రంగులు వస్తాయా అన్నాడు. అందుకు నాకిప్పటికీ ఆయనంటే గౌరవం. ముక్కు భాగానికి ఎరుపు, నడుముకి పసుపు, వెనక భాగానికి ఆకుపచ్చ. కారంతా దారాలు అంటించేసరికి అది పందెం కారులా లేదు, పెళ్ళికి ముస్తాబు చేసిన ఎద్దులా ఉంది. పొగ కూడా కావాలి, పొగైతే గాలి దారి కంటికి కనబడుతుంది అన్నాడు బాబు. మాకు తెలిసిన మంచి పొగ సాంబ్రాణి ఒక్కటే. మా అత్త బాలింతలకి వేసే మట్టి మూకుడు తెచ్చి, నిప్పులు పోసి, ఫ్యాను దగ్గర పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కారుని బయటి నుంచి సొరంగంలోకి నెట్టే వేళ, గోదాంలో దుమ్ము లేస్తుందని బాబు ముందే వేపచెట్టు దాకా వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మూతి ఫ్యాను వైపు ఉండాలి అని ఫిట్టరుకి చెప్పి వెళ్ళాడు. ఫిట్టరు, నేను, మా అత్త, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళం కలిసి నెడుతుంటే, సొరంగం మొదట్లో మా అత్త కారు మీద చెయ్యి వేసి ఆపేసింది. మూతి ఫ్యాను వైపు ఎందుకు అని అడిగింది. బాబుగారు అలా చెప్పారండి అన్నాడు ఫిట్టరు. అప్పుడు మా అత్త అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇదిగో అబ్బీ, నేను పడవలోళ్ళ ఇంట్లో పుట్టి పడవలోళ్ళ ఇంటికెళ్ళినదాన్ని. కట్టేసిన పడవ గాలికి మూతెడతాది. పరిగెత్తే పడవ గాలికి ఈపెడతాది. ఇది కట్టేసిన బండా, పరిగెత్తే బండా?"

ఫిట్టరు నా వైపు చూశాడు. నేను మా అత్త వైపు చూశాను. ఇది పరిగెత్తే బండే. పరిగెత్తే దానికి గాలి వెనక నుంచి రావాలి, తెరచాప ఎత్తిన ఏ పడవని చూసినా తెలుస్తుంది. పైగా మూతి ఫ్యానుకి పెడితే డ్రైవరు కూర్చునే గుంటలోకి ఊకంతా పోతుంది, ఆ బాబుకి ఊక పడదు కదా పాపం, అని కూడా అంది. దాంతో ఫిట్టరు ఆయ్ అని తల ఊపేశాడు. కారుని తిప్పి, వీపు ఫ్యానుకి పెట్టి, చక్రాల కింద ఇటుకలు వేశాం. బాబు వేపచెట్టు కింద నుంచి, సరిగ్గా పెట్టారా అని కేకేశాడు. "గాలికెలా ఎట్టాలో అలాగే ఎట్టేం బాబూ" అని మా అత్త బదులిచ్చింది. అందులో అబద్ధం ఏముంది?

ఇంజను పడింది, బెల్టు టపటపా కొట్టుకుంది, ఫ్యాను హోరు మొదలైంది. సొరంగం పక్కనున్న తడిక తలుపు దగ్గర నన్ను నిలబెట్టారు, నా గొంతు పెద్దది కాబట్టి. నేను లోపలికి చూసి అరవాలి, బయట బాబు సుద్దముక్కతో గోదాం తలుపు మీద రాసుకోవాలి. ఓణీ ఒక చేత్తో, జుట్టు ఒక చేత్తో పట్టుకుని చూద్దును కదా, దారాలన్నీ ఒద్దికగా, తలంటి దువ్విన జుట్టులా రేకుని అంటుకుని ఉన్నాయి. ఎరుపు పడుకుంది బాబూ అని అరిచాను. పసుపు పడుకుంది. ఆకుపచ్చ పడుకుంది. ఆకుపచ్చ కూడానా అని బయట నుంచి వణుకుతున్న గొంతు వినిపించింది. ఆకుపచ్చే బాబూ, పసిపిల్లలా పడుకుంది అన్నాను. తర్వాత తెలిసింది, ఆయనకి అసలు బెంగంతా ఆ వెనక భాగం మీదేనట, అక్కడ గాలి సుళ్ళు తిరిగి కారుని వెనక్కి లాగుతుందని రాత్రిళ్ళు నిద్ర లేదట. ఆ దారాలు ఎటు పడుకున్నాయని ఆయన అడగలేదు, మేము చెప్పలేదు. పడుకోవడం ముఖ్యం కానీ తల ఎటు పెడితే ఏంటి? వారమంతా రోజూ ఇదే తంతు. రోజూ నేను అరవడం, ఆయన రాసుకోవడం. గోదాం తలుపు మీద నాకు చదవడం రాని నా మాటలు తెల్లగా నిండిపోయాయి. అంతకు ముందు నా మాట ఎవరూ రాసుకోలేదు. వెళ్ళేటప్పుడు ఆ తలుపు ముందు కాసేపు నిలబడి చూసుకుని వెళ్ళేదాన్ని. (ఫిట్టరు అది గమనించేవాడట. మా పెళ్ళయ్యాక చెప్పాడు.)

సార్వా కోతలు మొదలయ్యాయి. పెద్దాయనని చూడ్డానికి రమ్మని బాబు కబురు పెట్టాడు. ఆ రోజు మిల్లులో పని ఆపేశారు. మా అత్త ఉతికిన చీర కట్టుకుంది. పెద్దాయన పంచె ఎత్తి పట్టుకుని గోదాంలోకి వస్తుంటే, ఇంతటి రోజు తను బయట ఎలా ఉంటానని బాబు కూడా తడి తువ్వాలు ముక్కుకి చుట్టుకుని తండ్రి వెనక వచ్చాడు. సొరంగంలో గాలి తిరుగుతుండగా బాబు లోపలికి రావడం అదే మొదలు. తడిక తలుపు తీశాం. సాంబ్రాణి గుప్పుమంది. పెద్దాయన అక్కడే ఆగి వాసన పీల్చాడు.

"ఎవరికిరా పురుడు పోశారు?"

ఎవరూ నవ్వలేదు, అందరికీ భయం. ఆయన లోపలికి వంగి చూశాడు. పొగ కారు వీపు మీదకి ఎక్కి, నడుము మీదుగా పాకి, సన్నటి ముక్కు మీద నుంచి జారిపోతోంది. ఒక్క దారం కూడా లేవలేదు. ఆయన చాలాసేపు చూశాడు. దీని అర్థం ఏమిటని నన్నడిగాడు. గాలికి ఎక్కడా అడ్డు లేదండి, సాఫీగా పోతంది అన్నాను. పెద్దాయన తల ఊపి, బాగుంది అన్నాడు. ఆ నోట ఆ మాట మిల్లులో ఎవరూ విని ఉండలేదు. రేపు లారీ మాట్లాడమంటాను అని కూడా అన్నాడు. మా అత్త నా నడుం మీద గిల్లింది. ఫిట్టరు పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. నేను బాబు వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. తువ్వాలు పైన కళ్ళు మాత్రం కనబడుతున్నాయి, ఆ కళ్ళు ఫ్యానుని చూస్తున్నాయి, కారుని చూస్తున్నాయి, మళ్ళీ ఫ్యానుని చూస్తున్నాయి. ఆయన ఊరుకుంటే లారీ వస్తుంది, మద్రాసు వెళ్తాడు. అక్కడున్న మాలో ఎవరికీ తేడా తెలియదు. వరసగా తుమ్మి, ముక్కు తుడుచుకుని, తువ్వాలు కిందకి లాగాడు.

"ఆగండి నాన్నగారూ. కారు వెనక్కి పెట్టారు. గాలి మూతికి తగలాలి."

"వెనక్కి పెడితే బాగానే ఉంది కదరా" అన్నాడు పెద్దాయన.

బాబు తండ్రికి వివరించడం మొదలుపెట్టాడు. కారు తన ఇంజనుతో తను పోతుంది, పోతున్నకొద్దీ ఎదురుగాలి పుడుతుంది, బస్సు కిటికీ దగ్గర కూర్చుంటే మొహానికి కొట్టే గాలి అదే అన్నాడు. మా అత్త ఊరుకుంటుందా? ముందుకొచ్చి, బస్సులో మొహానికి కొడతాది నిజమే బాబూ, అందుకే కదా అందరం కిటికీ మూసుకుంటాం అంది. తర్వాత పడవ సంగతి మొదటి నుంచీ చెప్పింది, కట్టేసిన పడవ, పరిగెత్తే పడవ. పెద్దాయన చిన్నప్పుడు ఆయన ఇంటి సరుకంతా పడవల మీదే వచ్చేది. ఆయన మా అత్త చెప్పింది శ్రద్ధగా విని, ఆవిడ చెప్పిందే సబబుగా ఉంది కదరా అన్నాడు. తండ్రి ఒక వైపు, మా అత్త ఒక వైపు, మధ్యలో ఊక, పాపం ఆ బాబుకి మాట్లాడ్డానికి ఊపిరి చాలడం లేదు. చివరికి, ఒక్కసారి తిప్పి చూపిస్తాను, తర్వాత మీ ఇష్టం అని మాత్రం అనగలిగాడు. ఇంజను ఆపాం. కారు బయటికి నెట్టి, తిప్పి, మళ్ళీ లోపలికి నెట్టాం. అంతసేపూ పెద్దాయన ఒక గోనెసంచి మీద కూర్చుని పళ్ళు కుట్టుకున్నాడు.

ఫ్యాను మళ్ళీ తిరిగింది. ఎరుపు పడుకుంది. పసుపు పడుకుంది. ఆకుపచ్చ దారాలు మాత్రం పూనకం వచ్చినట్టు లేచి ఆడడం మొదలుపెట్టాయి. కొన్ని ముందుకి తిరిగి వచ్చాయి, కొన్ని గిరగిరా తిరిగాయి, ఒకటైతే ఊడిపోయి ఎగిరొచ్చి పెద్దాయన మీసానికి అంటుకుంది. సాంబ్రాణి పొగ కారు వెనకాల గడ్డివాములా ఆగి, అక్కడే కొట్టుమిట్టాడింది. ఈసారి నేను ఏమీ అరవలేదు, అందరికీ కనబడుతోంది కదా. బాబు తండ్రి మొహం చూడకుండా, ఇదండీ సంగతి, ఇలాగైతే ఇది పందేనికి పనికిరాదు అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో చూశాను. ఆయాసం ఒక వైపు, ఈ మాట ఒక వైపు. మా అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

పెద్దాయన మీసం మీది దారం తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకున్నాడు. ధాన్యం బళ్ళు ఎప్పటి నుంచి మొదలవుతాయని ఫిట్టరుని అడిగాడు. వచ్చే వారం నుంచి ఉంటాయండి అన్నాడు ఫిట్టరు, అతని గొంతు కూడా నీరసంగానే ఉంది. బాబు తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. గల్లాపెట్టె తాళంచెవి అప్పుడే చేతిలో పెట్టేస్తాడని మేమంతా అనుకున్నాం.

"అయితే అప్పటిదాకా ఇంజనులో ఆయిలు పొయ్యి" అన్నాడు పెద్దాయన ఫిట్టరుతో. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "వెనక్కి పెడితే అంత బాగుందంటున్నావు. ఆ ముందుది వెనక కూడా పెట్టడం కుదరదూ?"

ఏమీ తెలియక అడిగిన మాట అది. వ్యాపారం మనిషి, ఒక వైపు సరుకు బాగుంటే రెండో వైపూ అదే పెట్టెయ్యమంటాడు, అంతే. కానీ బాబు మడతపెట్టిన తువ్వాలు కింద పడేశాడు. తోక, అన్నాడు. ఇంకెవరితోనూ కాదు, కారుతో. ఆ సాయంత్రమే దరియాలతిప్ప నుంచి పడవలు కట్టే ముసలాయన్ని మా అత్త పిలుచుకొచ్చింది. (తప్పు దిద్దుకోవడానికి అని మీరు అనుకోకండి. తన పడవలోళ్ళు లేకుండా ఏ పనీ జరగకూడదని.) ఆ ముసలాయన సన్నటి చెక్క పక్కటెముకలు వంచి, కుండ అడుగు లాంటి ఆ వీపుకి పొడుగాటి తోక కట్టాడు. రేకు లేకపోతే నూనె డబ్బాలు చీరి, సాగగొట్టి, తొడిగారు. తోక మీద ఒక వైపు ఆ డబ్బాల మీది కొబ్బరిచెట్టు బొమ్మ సగం, ఇంకో వైపు మిగతా సగం. మా అత్త చుట్టూ తిరిగి చూసి, ఇప్పుడు అటైనా ఇటైనా పడవే, ఎటు పెట్టుకుంటారో మీ ఇష్టం అని తీర్పు చెప్పింది.

మళ్ళీ సొరంగం, మళ్ళీ సాంబ్రాణి. ఈసారి నేను లోపలే కూర్చుంటాను అన్నాడు బాబు, తడి తువ్వాలుతో కూర్చున్నాడు కూడా, ఇంజను వేడెక్కేలోపే ఫిట్టరూ నేనూ చెరో రెక్కా పట్టుకుని బయటికి తెచ్చి స్టూలు మీద కూలేశాం. కాబట్టి మళ్ళీ నేనే అరిచాను. అయితే ఈసారి ప్రతి మాటకీ ఎటు పడుకుంది, ఎటు పడుకుంది అని ప్రాణం తీశాడు. మీ తోక వైపే బాబూ అని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఆకుపచ్చలో చాలా మటుకు పడుకున్నాయి. తోక చివర ఉన్నవి కొన్ని ఇంకా కదులుతూనే ఉన్నాయి, అవి కూడా దాచకుండా చెప్పాను, ఆయన రాసుకున్నాడు. పెద్దాయన రెండోసారి చూడ్డానికి రాలేదు. కొత్త ధాన్యం మొదటి బండి గుమ్మంలోకి వచ్చిన పొద్దునే, దాని పక్కన ఖాళీ లారీ ఒకటి ఆగింది. ఎవరు పంపించారని ఎవరూ అడగలేదు. కారు ఎక్కుతుంటే పెద్దాయన అరుగు మీద నిలబడి ధాన్యం బస్తాలకేసి చూస్తున్నట్టు నటించాడు.

బాబుతో ఫిట్టరు కూడా వెళ్ళాడు, అక్కడి సంగతులన్నీ వచ్చాక అతనే చెప్పాడు. నూనె డబ్బాల తోక చూసి అక్కడి షోకైన బాబులు ఫోటోలు తీసుకున్నారట, నవ్వుకోవడానికి. పందెంలో మన కారు చివరి నుంచి రెండోది వచ్చింది. చివరి వాడికి టైరు పేలింది. మూల తిరిగే చోటల్లా వెనకబడిపోయిందట, కానీ ఒకప్పుడు విమానాలు ఎగిరిన ఆ పొడుగాటి తిన్నని దారిలో మాత్రం ఒకసారి, ఒకే ఒక్కసారి, మనకంటే ఖరీదైన కారుని దాటేసిందట. బాబు తిరిగొచ్చిన రోజు గట్టు మీదకి వచ్చి, మేము వలలు బాగుచేస్తున్న చోట, మా అత్త ఎదురుగా గొంతుక్కూర్చుని ఆ ఒక్క ముక్కే చెప్పాడు. ఎన్నో స్థానం వచ్చిందో చెప్పలేదు. మా అత్త దబ్బనం ఆపి, అప్పుడు గాలి ఎటు నుంచి కొడతంది బాబూ అని అడిగింది. బాబు మొహమంతా ఎర్రబడింది. గోదారి వైపు కాసేపు చూశాడు.

"వెనక నుంచే పెద్దమ్మా" అన్నాడు.

మా అత్త మళ్ళీ దబ్బనం అందుకుంది. ఇంక ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం ఆవిడకి కనబడలేదు. గాలిబాబు ఆ తర్వాత ఇంకో రెండు మూడేళ్ళు మద్రాసు వెళ్ళాడు, ఎప్పుడూ గెలవలేదు. పెద్దాయన పోయాక మిల్లు చూసుకున్నాడు, ఊక పడదు కాబట్టి గల్లాపెట్టెని రోడ్డు అవతలికి మార్చేసి మరీ చూసుకున్నాడు. ఇప్పుడు ఆ గోదాం లేదు, మా అత్త లేదు, ఫిట్టరు మాత్రం నా పక్క గదిలోనే టీవీ పెద్దగా పెట్టుకుని ఉన్నాడు. మనవరాలికి ఇదంతా చెబితే, అసలు మీరు ఒక్కసారైనా ఆలోచించలేదా అమ్మమ్మా, కారు ముందుకి కదా పోయేది అంది. లేదే, ఆలోచించలేదు అన్నాను. ఇప్పుడు నాకు చదవడం వచ్చు, మందు సీసా మీదది కూడా రెండు సార్లు చదువుతాను, మూడోసారి మనవరాలిని పిలిచి చదివిస్తాను, అయినా అనుమానంతోనే మింగుతాను. అప్పుడు మాత్రం అక్షరం ముక్క రాని పిల్ల ఒకత్తె, ఓణీ ఎగిరిపోతుంటే చేత్తో పట్టుకుని, ఫ్యాను హోరుని మించి, అంతా బాగుంది బాబూ అని వారం రోజులు అరిచింది. ఒక్క ముక్క నిజం కాదు. అయినా దాని గొంతులో ఎక్కడా వణుకు లేదు. ఈ వయసులో ఎప్పుడైనా ఆ గొంతు గుర్తొస్తే నవ్వుకుంటాను, నవ్వుకున్నాక, అలా ఒక్కసారి ఏదైనా అరిచి చెప్పాలని నాకూ అనిపిస్తుంది, ఏం చెప్పాలో మాత్రం తోచదు.